పసితనపు రిఫ్లెక్సులు ఇంకా పోని పిల్లలతో ఇంట్లో కదలికల సాధన ఎలా చేయించాలి?

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. బిడ్డ ఎదుగుదలలో ఒక్కో మెట్టుకీ మన ఇళ్లలో ఒక్కో పిండివంట ఉంది. ఆ మెట్లు ఎక్కకముందు పసిబిడ్డను కదిలించేవి చాలావరకు రిఫ్లెక్సులే, అంటే బిడ్డ అనుకోకుండానే ఒళ్లు తనంతట తాను చేసే కదలికలు. తలుపు దభాలున పడితే బిడ్డ రెండు చేతులూ బార్లా చాచి, మళ్లీ దగ్గరకు లాక్కుని కెవ్వుమంటుంది. ఇది మోరో రిఫ్లెక్స్. తల కుడికి తిరిగితే కుడి చెయ్యి చాచుకుంటుంది, ఎడమ మోచెయ్యి ముడుచుకుంటుంది, అచ్చం విల్లు ఎక్కుపెట్టినట్టు. దీని పేరు ఏటీఎన్ఆర్. ఈ రెండూ మామూలుగా ఆరో నెలకు అటూఇటూగా తగ్గిపోతాయి. తల దించితే చేతులు వంగి కాళ్లు చాచుకునే, తల ఎత్తితే చేతులు చాచుకుని కాళ్లు ముడుచుకునే ఎస్టీఎన్ఆర్ అనే ఇంకొకటి ఆరు, తొమ్మిది నెలల మధ్య మొదలై, మొదటి పుట్టినరోజు నాటికి సద్దుమణుగుతుంది.

కొందరిలో వీటి ఛాయలు బడి వయసులోనూ మిగిలి ఉంటాయి. పుస్తకం వైపు తల దించగానే మోచేతులు వంగి ఒళ్లంతా బల్ల మీద వాలిపోతుంది. బోర్డు వైపు తల తిప్పితే రాసే చేతి పట్టు మారిపోతుంది. కుక్కర్ విజిల్‌కే ఉలిక్కిపడి, చాలాసేపు స్థిమితపడలేరు. "బద్ధకం, ఒళ్లు వంచడు" అని రోజూ తిట్లు తినే పిల్లల్లో కొందరి కష్టం ఇదే కావచ్చు. ఆ తిట్లు ఆగాలన్నదే నా మొదటి కోరిక.

ముందు డాక్టరు, తర్వాతే చాప

ఈ లక్షణాలకు వేరే కారణాలూ ఉంటాయి. చూపు, వినికిడి, నిద్ర ముందు చూపించండి. ఒక పక్క చేయి, కాలు బలహీనంగా ఉన్నా, కండరాలు బిగుసుకుపోతున్నా, వచ్చిన పనులు మర్చిపోతున్నా పిల్లల నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. మెదడు దెబ్బతిని కదలికలు కుంటుపడే సెరెబ్రల్ పాల్సీలోనూ ఈ రిఫ్లెక్సులు పోకుండా ఉండిపోతాయి. ఫిట్స్ వచ్చే పిల్లలకు, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు డాక్టరు సరేనంటేనే కింద చెప్పిన కదలికలు చేయించాలి. డౌన్ సిండ్రోమ్‌లో మెడ ఎముకల కీళ్లు వదులుగా ఉండే అవకాశం ఉంది.

ఆ తర్వాత ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు, కదలికలు చేసుకోవడానికి సాధన చేయించే నిపుణులు) పరీక్ష. జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయం చేయడానికి పెట్టిన డైక్ (DEIC) కేంద్రంలో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇవి వచ్చాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. అక్కడ మేధోవైకల్యం ఉన్న పిల్లలకు పరీక్షలు, థెరపీ దొరుకుతాయి.

ఏటీఎన్ఆర్‌ను థెరపిస్టు ఎలా చూస్తారో తెలిస్తే మీకూ ఉపయోగం. పిల్లవాణ్ణి ఏనుగులా చేతుల మీద, మోకాళ్ల మీద ఉంచి, తలను మెల్లగా ఒక పక్కకు తిప్పి కాసేపు ఆపుతారు. కుడికి తిప్పినప్పుడు ఎడమ మోచెయ్యి వంగిపోతుంటే రిఫ్లెక్స్ ఇంకా ఉన్నట్టు. ఇంట్లో మీరే మెడ పట్టి తిప్పి చూడకండి.

చోటు, సమయం

నేల మీద చాప, దాని మీద దుప్పటి. ఫ్యాన్ తప్ప ఇంకే చప్పుడూ వద్దు. భోజనమయ్యాక కనీసం గంట ఆగాలి. రోజుకు పది నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. ఆదివారం ఒక్కరోజే గంటసేపు చేయిస్తే పిల్లవాడు అలిసిపోతాడు, అంతే. హోంవర్క్ టెన్షన్ మధ్యలో ఇరికించకుండా, పడుకోబోయే ముందు పెట్టుకుంటే చాలా ఇళ్లలో కుదురుతుంది.

కదలికలు

అన్నీ ఒకేసారి వద్దు. థెరపిస్టు ఏ రిఫ్లెక్స్ ఉందన్నారో దానికి తగ్గ ఒకటో రెండో ఎంచుకుని, కొన్ని వారాలు వాటితోనే ఉండండి.

ఊపు: పిల్లవాడు వెల్లకిలా, కాళ్లు చాచి పడుకోవాలి. మీరు పాదాల దగ్గర కూర్చుని, రెండు చీలమండలు పట్టుకుని తల వైపు మెత్తగా నెట్టి వదలండి. ఒళ్లంతా ఉయ్యాల్లా ఊగాలి, తల కూడా తనంతట తాను కొద్దిగా ఆడాలి. ఒకటి రెండు నిమిషాలు. రోజూ దీనితోనే మొదలుపెట్టడం మంచిది, పిల్లలు నెమ్మదిస్తారు.

నక్షత్రం: ఇది మోరోకు. కుర్చీలో వెనక్కి వాలి, ఊపిరి పీలుస్తూ చేతులు, కాళ్లు బార్లా చాచాలి. ఊపిరి వదులుతూ కుడి చెయ్యి ఎడమ చేతి మీదకు, కుడి కాలు ఎడమ కాలి మీదకు తెచ్చి ముడుచుకోవాలి. మరుసటిసారి ఎడమది పైకి. ఐదారు సార్లు. మీరు మెల్లగా ఒకటి నుంచి ఐదు దాకా లెక్కపెట్టండి.

బల్లి: ఏటీఎన్ఆర్ కోసం చేయించేది. కష్టమైనదీ, నాకు బాగా ఇష్టమైనదీ ఇదే. పిల్లవాడు బోర్లా పడుకుని తల కుడికి తిప్పాలి. కుడి మోచెయ్యి వంచి అరచెయ్యి ముఖం ముందు పెట్టుకోవాలి, కుడి మోకాలు పక్కకు పైకి మడవాలి. ఎడమ చెయ్యి, ఎడమ కాలు చాచి ఉంటాయి. గోడ మీద బల్లి ఒక్క క్షణం ఆగినట్టు. ఇప్పుడు తల మెల్లగా ఎడమకు తిప్పుతూ అన్నీ మార్చుకోవాలి. రిఫ్లెక్స్ అయితే చూసిన వైపు చెయ్యిని చాపిస్తుంది. మనం అదే చెయ్యిని వంచమంటున్నాం. అందుకే మొదట్లో చేతులు, కాళ్లు గందరగోళపడతాయి. తొందరపడి గబగబా మార్చేస్తుంటే ఆపండి. వేగంగా చేసిన పది కంటే నెమ్మదిగా చేసిన రెండు మేలు. అవసరమైతే మీ చేత్తో మోకాలిని దారిలో పెట్టండి, మెడను మాత్రం ముట్టుకోవద్దు. తమ్ముడో చెల్లో పక్కన పడుకుని తనతో కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది.

పిల్లి: ఎస్టీఎన్ఆర్‌కు. చేతుల మీద, మోకాళ్ల మీద నిలబడి, తల దించి బొడ్డు వైపు చూడాలి. మోచేతులు వంగకూడదు. తర్వాత తల ఎత్తి ఎదురుగా చూడాలి. నడుము వెనక్కి, మడమల మీదకు జారకూడదు. ఆరు సార్లు.

తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా, నొప్పి అన్నా ఆ రోజుకు వదిలేయండి. ఏడుస్తుంటే బలవంతం వద్దు.

ఎంత ఆశించాలి?

ఇక్కడ నేను సూటిగా చెప్పాలి. 2000లో లాన్సెట్ వైద్య పత్రికలో బెల్‌ఫాస్ట్ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. చదవడంలో ఇబ్బంది ఉన్న 8 నుంచి 11 ఏళ్ల పిల్లలు 60 మందిని మూడు గుంపులుగా చేశారు. పసితనపు రిఫ్లెక్సులను పోలిన కదలికలు ఏడాది పాటు చేసిన గుంపులో ఏటీఎన్ఆర్ తగ్గింది, చదవడమూ మెరుగుపడింది. ఆశపడదగ్గ ఫలితమే. కానీ అది చిన్న అధ్యయనం. ఏడీహెచ్‌డీని (ధ్యాస, నిలకడ కుదరని సమస్య), ఆటిజాన్ని ఈ కదలికలు నయం చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. అలా మాట ఇచ్చి వేలకు వేలు ముందే కట్టించుకునే చోట్లకు వెళ్లకండి. స్పీచ్ థెరపీ, మందులు, చదువులో అదనపు సాయం ఏవి నడుస్తుంటే అవి నడవాల్సిందే.

ఒక పాత నోట్‌బుక్‌లో రోజుకు ఒక్క లైను రాయండి: ఏం చేశాడు, ఎన్నిసార్లు, మూడ్ ఎలా ఉంది. నెలకోసారి పిల్లవాడితో ఒకే పేరా రాయించి తేదీ వేసి దాచండి. ఫోన్‌లో బల్లి కదలిక వీడియో తీసి పెట్టుకోండి. రెండు మూడు నెలలకోసారి ఇవన్నీ పట్టుకుని థెరపిస్టు దగ్గరికి వెళ్తే, మార్పు ఉందో లేదో అక్కడే తేలుతుంది. ఆరు నెలలైనా ఏ మార్పూ లేకపోతే దారి మార్చమని అడగండి. రిఫ్లెక్స్ పోయిందని పరీక్షలో తేలితే సాధన ఆపేసి, ఆ పది నిమిషాలు తొక్కుడుబిళ్లకో, సైకిల్‌కో వదిలిపెట్టండి.