అల్ట్రాసౌండ్ పరికరంతో ఎయిర్ లీకులు పట్టుకునే పద్ధతి

7 బార్ పీడనం ఉన్న ఎయిర్ లైనుకు 3 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి పడితే, అందులోంచి పోయే గాలిని నింపడానికే కంప్రెసర్ సుమారు 3 కిలోవాట్లు వాడుకుంటుంది. రాత్రింబవళ్లు నడిచే స్పిన్నింగ్ మిల్లులో ఏడాదికి అది 26 వేల యూనిట్లు దాటుతుంది.

వెతకడానికి ముందు నష్టాన్ని కొలవాలి. సెలవు రోజున యంత్రాలన్నీ ఆపి, లైన్లలో పీడనం ఉంచి, లోడ్-అన్‌లోడ్ పద్ధతిలో నడిచే కంప్రెసర్ ఎంతసేపు లోడ్‌లో (గాలి నింపుతూ) ఉందో, ఎంతసేపు అన్‌లోడ్‌లో (గాలి నింపకుండా) ఉందో గడియారం పెట్టి రాసుకోండి. 2 నిమిషాలు లోడ్, 6 నిమిషాలు అన్‌లోడ్ అయితే కంప్రెసర్ సామర్థ్యంలో 25 శాతం లీకులకే పోతోందన్నమాట.

రంధ్రంలోంచి దూసుకొచ్చే గాలి సుడులు తిరుగుతూ, మనిషి చెవికి అందే 20 కిలోహెర్ట్జ్ హద్దు దాటిన శబ్దాన్ని కూడా పుట్టిస్తుంది. పరికరం దాన్ని సాధారణంగా 40 కిలోహెర్ట్జ్ దగ్గర పట్టుకుని, వినబడే స్థాయికి దించి హెడ్‌ఫోన్లలో వినిపిస్తుంది. యంత్రాల రొదలో ఎక్కువ భాగం అంతకన్నా తక్కువ పౌనఃపున్యంలోనే ఉంటుంది కాబట్టి షెడ్డు నడుస్తుండగానే వెతకవచ్చు.

మొదట సెన్సిటివిటీ ఎక్కువగా పెట్టి లైను వెంబడి నెమ్మదిగా తిప్పండి. శబ్దం పెరిగేకొద్దీ దగ్గరకు వెళ్తూ సెన్సిటివిటీ తగ్గించండి. కొత్తవాళ్లు తప్పు చేసేది ఇక్కడే: తగ్గించడం మరిచిపోతే చుట్టూ ఉన్నదంతా బుసకొడుతున్నట్టే వినిపిస్తుంది. రేకులకూ గోడలకూ తగిలి తిరిగొచ్చే శబ్దం కూడా మోసం చేస్తుంది కాబట్టి రెండు మూడు కోణాల నుంచి విని, చివరికి పరికరం ముందు తొడిగే రబ్బరు మూతిని జాయింటుకు దగ్గరగా పెట్టి నిర్ధారించుకోవాలి. పక్కన గాలితో నడిచే సిలిండరు వదిలే ఎగ్జాస్టు శబ్దం అడ్డు వస్తుంటే మధ్యలో అట్టముక్క పట్టుకుంటే చాలు. అనుమానం తీరకపోతే సబ్బునీళ్లు రాయండి.

నేను వెతికినప్పుడల్లా ఎక్కువగా దొరికినవి క్విక్ కప్లింగులు, హోస్ క్లిప్పులు, ఎఫ్‌ఆర్‌ఎల్ (గాలిని వడకట్టి, పీడనం సరిచేసి, నూనె కలిపే ఫిల్టర్-రెగ్యులేటర్-లూబ్రికేటర్) యూనిట్ల గిన్నెలు, డ్రెయిన్ వాల్వులు. ఒక ఎఫ్‌ఆర్‌ఎల్ చుట్టూ ఎవరో పాతగుడ్డ గట్టిగా బిగించి కట్టారు. చెవికి ఏమీ వినబడలేదు, హెడ్‌ఫోన్లలో మాత్రం సన్నటి బుస ఆగలేదు. గుడ్డ విప్పి చూస్తే గిన్నె కింద ఓ-రింగ్ (గాలి పోకుండా ఆపే రబ్బరు వలయం) తెగి ఉంది. గుడ్డ శబ్దాన్ని తగ్గించింది తప్ప గాలిని ఆపలేదు. కట్టు కనబడిన ప్రతిచోటా విప్పించి వినండి.

దొరికిన ప్రతి లీకుకూ నంబరు, తేదీ, డెసిబెల్ రీడింగు రాసిన ట్యాగు కట్టండి. మరమ్మతు అయ్యాక అక్కడే మళ్లీ వినండి. లీకులు మూసేకొద్దీ లైనులో పీడనం పెరిగి, బలహీనంగా ఉన్న మరో జాయింటు వదలవచ్చు.

ఇదే పరికరానికి కాంటాక్ట్ రాడ్ తగిలిస్తే బేరింగులనూ వినవచ్చు. బాగున్న రోజున, అదే వేగంలో, అదే లోడులో తీసిన రీడింగు కన్నా 8 డెసిబెల్స్ పెరిగితే గ్రీజు అవసరమైందని సాధారణంగా భావిస్తారు. కొద్దికొద్దిగా ఎక్కిస్తూ వినండి. రీడింగు దిగి నిలకడగా ఉన్నచోట ఆపేయండి, దిగినది మళ్లీ పెరుగుతుంటే గ్రీజు ఎక్కువైనట్టే. రాడ్ ఆనించే చోట పెయింటుతో చుక్క పెడితే, వచ్చే నెల షిఫ్టులో ఎవరున్నా అక్కడే వింటారు.