అడవి పట్టా ఊరి పేరున రావాలంటే

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మా సిరొంచ తాలూకాలో ఇంట్లో మాట తెలుగు, కచేరీలో కాగితం మరాఠీ. అటవీ హక్కుల ఫారం చేతికి రాగానే చాలామంది అది తమకు సంబంధించింది కాదనుకుని పక్కన పెట్టేస్తారు. మా గూడెం అటవీ హక్కుల కమిటీకి కార్యదర్శిగా ఆ కాగితాలు చదివి వినిపించడం, ఠరావులు, అంటే తీర్మానాలు, రాయడం ఇన్నేళ్లుగా నా పని. అంకీస, ఆసరెల్లి వైపు ఊళ్ల నుంచి, ఈ మధ్య ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు నుంచి కూడా తెలుగువాళ్లు ఫోను చేసి, "అక్కా, మా అడవి మా ఊరికి రాయించుకోవడం ఎలా?" అని అడుగుతుంటారు. వాళ్లకు విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను.

అందరికీ మొదట చెప్పేది ఒకటే. సొంత పట్టా కోసం తిరగడానికి ముందు ఊరి పట్టా అడగండి. 2006 అటవీ హక్కుల చట్టంలో మూడు ఫారాలున్నాయి. ఎ ఫారం మీ కుటుంబం సాగు చేసుకుంటున్న భూమికి. 2005 డిసెంబరు 13 కంటే ముందు నుంచి సాగులో ఉండాలి, 4 హెక్టార్లకు మించకూడదు. బి ఫారం మేత, చేపలు, తునికాకు, ఇప్పపువ్వు వంటి ఉమ్మడి వాడకం హక్కులకు. సి ఫారం అన్నిటికన్నా పెద్దది, ఊరి పట్టా కోసం పెట్టేది ఇదే. మీ ఊరి పాత పొలిమేరలోని అడవి మొత్తాన్ని కాపాడుకునే, వాడుకునే, నడిపించుకునే హక్కు దానితో వస్తుంది. అది రిజర్వు అడవి అయినా సరే, అభయారణ్యం అయినా సరే.

గిరిజనులు కాని కుటుంబాలైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా అడవి మీద ఆధారపడి అక్కడే ఉంటున్నట్టు చూపాలి. మాది అలాంటి కుటుంబమే. మా మామగారి పేరున పెట్టిన ఎ ఫారం ఆ ఒక్క షరతు దగ్గరే ఆగిపోయింది. గోదావరి అవతలి నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లకు అంత పాత కాగితం ఎక్కడ దొరుకుతుంది? అయితే గ్రామసభలో పద్దెనిమిదేళ్లు నిండిన ఊరివాళ్లందరూ సభ్యులే. ఊరి పట్టా వచ్చిన తర్వాత మాడియా గిరిజనుల ఇంటివాళ్లతో పాటు మేమూ అదే అడవిలో, అదే గ్రామసభ రాసిన నియమం కింద ఆకు కోస్తున్నాం. అందుకే నేను సి ఫారం మీద ఇంత పట్టుబడతాను.

ఇక గ్రామసభ. గ్రామపంచాయతీలో ఉన్న ఐదారు ఊళ్లను ఒకచోట కూర్చోబెట్టి సభ జరిగిందనిపిస్తే ఈ పనికి చాలదు. మీ గూడెం గూడెంగానే కూర్చోవాలి. సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. హక్కుల మీద ఠరావు చేసే రోజున హక్కు కోరుతున్నవాళ్లలో సగం మందైనా, లేదా వాళ్ల తరఫువాళ్లయినా ఉండాలి. ఈ లెక్క తప్పితే ఎంత మంచి ఠరావైనా పై కమిటీలో తిరిగి వస్తుంది. మేం హాజరు పుస్తకంలో ఆడవాళ్ల సంతకాలకు విడిగా ఒక పేజీ పెట్టాం. సంఖ్య ఒక్క చూపులో తెలుస్తుంది, ఎవరూ వాదించలేరు. వేలిముద్ర వేసినవాళ్ల పేరు పక్కన ఇంకొకరి చేత సాక్షి సంతకం చేయించండి.

ఆ సభలోనే అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. పది నుంచి పదిహేను మంది, అందులో కనీసం మూడింట రెండు వంతులు గిరిజనులు, మూడింట ఒక వంతు మహిళలు. ఊరి పెద్దమనిషి పేరు, సర్పంచి పేరు మర్యాద కోసం రాసేసి వదిలేయకండి. అడవిలో కాలు పెట్టేవాళ్లు, మేకలు కాసేవాళ్లు, ఏ వాగు ఎక్కడ మలుపు తిరుగుతుందో తెలిసినవాళ్లు ఉండాలి.

అసలు పని సాక్ష్యాల దగ్గర మొదలవుతుంది. చట్టం ఒకటికి మించిన సాక్ష్యాలు చూడమంటుంది. ఫలానా కాగితమే కావాలని పట్టుబట్టే అధికారం ఏ కమిటీకీ లేదు. ఉపగ్రహ చిత్రం లేదని తిప్పి పంపడం కుదరదు. అది మిగతా సాక్ష్యాలకు తోడు మాత్రమే. విదర్భ జిల్లాలవాళ్లు ముందు తహసీల్ కార్యాలయానికి వెళ్లి నిస్తార్ పత్రక్, వాజిబ్-ఉల్-అర్జ్ నకళ్లు అడగండి. ఊరి జనం ఎక్కడ పశువులు మేపుతారు, ఎక్కడ కట్టెలు తెస్తారు, ఏ దారిన నడుస్తారు, ఏ నీళ్లు వాడతారు అన్నది వాటిలో రాసి ఉంటుంది. 1966 నాటి మహారాష్ట్ర భూమి రెవెన్యూ చట్టంలో కూడా వాటికి చోటుంది. ఇవి దొరికితే సగం పని అయినట్టే. రికార్డు గదిలో లేవంటే, లేవన్న మాటనే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

తర్వాత ముసలివాళ్ల వాంగ్మూలాలు. హక్కు కోరేవాళ్లు కాక వేరే పెద్దవాళ్లు చెప్పిన మాటను రాసి, వాళ్ల చేత సంతకం గానీ వేలిముద్ర గానీ పెట్టించాలి. "అడవి మాదే" అని రాస్తే పనికిరాదు. మా ఊరి అవ్వ ఒకామె ఇలా చెప్పింది: ఎండాకాలం వాగు ఎండితే చెలమ ఎక్కడ తీసేవాళ్లు, ఏ మద్దిచెట్టు కింద పోచమ్మకు కోడిని కోసేవాళ్లు, పెద్ద రోగం వచ్చిన ఏడు చనిపోయినవాళ్లను ఎక్కడ పాతిపెట్టారు. ఆమె చెప్పిన మూడు చోట్లకూ వెళ్లి చూశాం. చెట్టు మొదట్లో పాత పసుపు, కుంకుమ గట్టిపడి బెరడులో కలిసిపోయి ఉన్నాయి. పాతిపెట్టిన చోట రాళ్లు వరుసగా ఉన్నాయి. పవిత్రమైన చెట్లు, చెరువులు, శ్మశానాలు, పాత కట్టడాల ఆనవాళ్లు ఇవన్నీ చట్టం ఒప్పుకున్న సాక్ష్యాలే. ఫొటో తీసి, వెనుక తేదీ, చోటు రాసి ఫైలులో పెట్టండి.

పొలిమేర నడక ఒక్క రోజులో తేలదు. ముసలివాళ్లు ముందు నడవాలి, కుర్రవాళ్లు ఫోనులో దారిని గుర్తించుకుంటూ వెనుక నడవాలి. గుట్ట, వాగు, బండ, పుట్ట, రెండు దారులు కలిసే చోటు ఇలా గుర్తు ఉన్న ప్రతి చోటా ఆగి పేరు రాయండి. ఆ పేరు తెలుగులో ఉంటే తెలుగులోనే, గోండిలో ఉంటే గోండిలోనే రాసి, పక్కన మరాఠీ రికార్డులో ఆ అడవి ముక్కకు ఉన్న కంపార్ట్‌మెంట్ నంబరు వేయండి. వనరక్షక్‌కు, అంటే ఫారెస్టు గార్డుకు, ఆ నంబరు తెలుసు, ఊరికి ఆ పేరు తెలుసు. రెండూ ఒకే కాగితం మీద ఉంటే తర్వాత తగవు రాదు.

పక్క ఊరికి నడకకు ముందే కబురు పంపాలి. మాకూ పక్క గూడేనికీ ఒక వాగు దగ్గర పేచీ వచ్చింది. ఇద్దరమూ ఆ రెండు గట్ల మీదా తునికాకు కోస్తాం. ఇలాంటప్పుడు రెండు ఊళ్ల కమిటీలు కలిసి కూర్చుని తేల్చుకున్నది రాసి పంపాలని నియమం ఉంది. మేం గీత గీయలేదు. ఆ వాగు పరీవాహకమంతా ఇద్దరి వాడకం అని ఇద్దరి ఠరావుల్లోనూ ఒకే వాక్యం రాసుకున్నాం. గీత కోసం పట్టుబట్టి దావా వేసుకుని, ఇద్దరి దరఖాస్తులూ పడుకున్న ఊళ్లు నేను చూశాను.

స్థల పరిశీలనకు అటవీ శాఖకూ రెవెన్యూ శాఖకూ తేదీ, చోటు రాసి ముందుగా నోటీసు ఇవ్వండి. అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు మీ దగ్గర ఉండాలి. వాళ్లు వచ్చి, హోదా, తేదీ, అభిప్రాయం రాసి సంతకం చేయాలి. రాకపోతే? 2012 సవరణ ఈ చిక్కును విప్పింది. తాము రాలేదు కాబట్టి ఒప్పుకోబోమని ఆ శాఖలు తర్వాత అంటే దరఖాస్తు మళ్లీ గ్రామసభకు వస్తుంది. మళ్లీ పిలవాలి. రెండోసారీ రాకపోతే పరిశీలన మీద గ్రామసభ మాటే చివరిది. ఒక కార్యాలయంలో మా నోటీసు తీసుకోవడానికే ఒప్పుకోలేదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదును ఫైలులో అంటించాం. ఆ రసీదే చివరికి మా మాట నిలబెట్టింది.

గ్రామసభ ఠరావు అయ్యాక ఫైలు సబ్ డివిజన్ స్థాయి కమిటీకి, అక్కడి నుంచి జిల్లా స్థాయి కమిటీకి వెళ్తుంది. తిరస్కరిస్తే కారణం రాసి తెలపాలి. తెలిపిన రోజు నుంచి 60 రోజుల్లో పై కమిటీకి అప్పీలు చేసుకోవచ్చు. నోటి మాటగా "మీది కుదరలేదు" అంటే ఆ మాట చెల్లదు, కాగితం అడగండి. హక్కుల పరిశీలన పూర్తయ్యే వరకు ఎవరినీ భూమి నుంచి ఖాళీ చేయించకూడదన్నదీ చట్టంలోనే ఉంది.

పట్టా చేతికి వచ్చిన రోజున డప్పులు కొట్టే ముందు మూడు సంగతులు చూడండి. గ్రామసభ పేరున ఉందా, పంచాయతీ పేరున గానీ అటవీ శాఖ వేసిన సంయుక్త వన నిర్వహణ సమితి పేరున గానీ ఉందా. మీరు నడిచిన పొలిమేర, దాని విస్తీర్ణం తగ్గకుండా ఉన్నాయా. మీరు ఒప్పుకోని షరతులేవైనా కింద చేర్చారా. తేడా ఉంటే వెంటనే గ్రామసభలో ఠరావు చేసి సరిచేయమని రాయండి. మూడు నెలల్లోపు కొత్త పటం గీసి, హక్కును రెవెన్యూ, అటవీ రికార్డుల్లో ఎక్కించాలి. ఇది అడగకపోతే ఎవరూ చేయరు.

ఇంత చేసి తెచ్చుకున్న భూమిని ఊళ్లో ఎలా పంచుకోవాలి అన్నదే కష్టం. మా కుర్రవాళ్లు కొందరు ఇంటికి ఎకరా చొప్పున కోసేద్దామన్నారు. ఆ పని చేయవద్దు. ఊరి పట్టా అమ్మడానికి, ఇంకొకరికి రాసివ్వడానికి లేదు. దానితో పాటు అడవిని కాపాడే బాధ్యత కూడా వస్తుంది. చెట్టు కొట్టి దున్నితే పట్టాకే ముప్పు. మేం పంచింది వాడకాన్ని. తాతల నాటి నుంచి ఒక ఇంటివాళ్లు ఏరుకుంటున్న ఇప్పచెట్లు వాళ్లకే ఉంచాం. ఎవరివీ కాని చెట్లను భూమి లేని ఇళ్లకు కేటాయించాం. ఊరి వాడకంలో ఉన్న పాత చెరువు శిఖం నేల, సంక్రాంతి తర్వాత నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ బయటపడే ఆ నల్లమట్టి, కూరగాయలకు ఇస్తున్నాం. ఒకే కొలత తాడుతో మళ్లు కొలిచి, చిన్నపిల్ల చేత చీటీలు తీయిస్తాం. ముందు భూమి లేనివాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, తర్వాతే మిగతావాళ్లు. కేటాయింపు ఒక్క ఏడాదికే. నీళ్లకు దగ్గరి మడి ఈ ఏడు వచ్చినవాళ్లకు వచ్చే ఏడు గట్టు వైపుది వస్తుంది. బీడు పెడితే మడి వెనక్కి. బయటివాళ్లకు కౌలుకిస్తే రెండేళ్లు చీటీ లేదు. ఈ నియమాలు పుస్తకంలో రాసి, ఏటా మొదటి సభలో తెలుగులోనూ గోండిలోనూ చదువుతాం. ఈ కేటాయింపుతో మా పక్కింటి వదిన, భర్త పోయాక కూలికి తెలంగాణ వెళ్లేది, ఇప్పుడు వంగ, మిరప, అలసంద పండించి అంకీస సంతకు తీసుకెళ్తోంది. భూమి మీద పేరు లేకపోయినా మడి మీద హక్కు ఉంటే మనిషి ఊళ్లో నిలబడుతుంది.

డబ్బు సంగతి కొంచెం. గ్రామసభ పేరున బ్యాంకు ఖాతా, ఇద్దరు ముగ్గురి సంతకాలు, అందులో ఒకరు తప్పనిసరిగా మహిళ. తునికాకు వ్యాపారితో ఒప్పందం కాగితం మీదే చేసుకోండి, బాకీ ఉండగా సరుకు కల్లం దాటనివ్వకండి. రవాణా పాసు ఇచ్చే అధికారం గ్రామసభ వేసిన కమిటీదే. మన గడ్చిరోలి జిల్లాలోనే ధానోరా తాలూకా మెండా-లేఖా 2009లో దేశంలో మొదటగా ఊరి అడవి హక్కు పొందింది, సుమారు 1,800 హెక్టార్లు. అయినా వెదురు అమ్ముకోవడానికి పాసుల పుస్తకం కోసం 2011 ఏప్రిల్ దాకా పోరాడారు. అప్పటి కేంద్ర మంత్రి జైరామ్ రమేశ్ వచ్చి ఆ పుస్తకాన్ని గ్రామసభకు అప్పగించారు. అదే ఊరివాళ్లు 2013లో సొంత పొలాలను కూడా గ్రామదాన చట్టం కింద గ్రామసభకు ఇవ్వాలని నిర్ణయించుకున్నారు. మీరు అంత దూరం వెళ్లనవసరం లేదు గానీ, వీలైతే నలుగురు వెళ్లి చూసి రండి.

ఒడిశా వైపువాళ్లకు చట్టం అదే, సభ పేరు వేరు. అక్కడ ఊరి స్థాయిలో కూర్చునేది పల్లీసభ. పాత రికార్డులకు తహసీల్దారును, ఆర్ఐని (రెవెన్యూ ఇన్‌స్పెక్టరును) అడగాలి. పల్లీసభ మాటకు ఎంత బలం ఉందో రాయగడ, కలహండి జిల్లాలవాళ్లకు తెలుసు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత నియమగిరి కొండల మీద 12 పల్లీసభలు కూర్చుని, పన్నెండూ అక్కడ బాక్సైట్ గని వద్దన్నాయి.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి అంటే, వరి కోతలు అయ్యాక. పుష్య మాఘ మాసాల్లో అడవి ఆకు రాల్చి, పొలిమేర బండలు దూరం నుంచే కనిపిస్తాయి. ఫాల్గుణంలో ఇప్పపువ్వు రాలడం మొదలైతే ఊరంతా తెల్లవారుజామునే చెట్ల కిందికి వెళ్తుంది, ఆ వెనుకే తునికాకు కోత, ఆ తర్వాత వానలు. ఆ రోజుల్లో సభ పెడితే సగం మంది రారు. కాబట్టి నిస్తార్ పత్రక్ నకళ్లకు దరఖాస్తు దసరా, దీపావళి మధ్యనే పెట్టేయండి, నడక నాటికి చేతిలో ఉంటాయి.