మేజర్‌డోమో లిస్టులో చేరడం: ఆథ్ లైన్ విరిగితే

మేజర్‌డోమో అంటే మెయిలింగ్ లిస్టులను (మెయిల్ ద్వారా నడిచే గ్రూపులను) నడిపే పాత సాఫ్ట్‌వేర్. అలాంటి ఒక లిస్టులో చేరడానికి సబ్‌స్క్రైబ్ కమాండ్ పంపితే కన్ఫర్మేషన్ మెయిల్ వస్తోంది. దానికి జవాబిస్తే మాత్రం కమాండ్ అర్థం కాలేదని తిరిగొస్తోంది.

స్పామ్ ఫోల్డర్ వెతకడం, సబ్జెక్టులో కమాండ్ రాయడం, మెయిల్ ఐడీ మార్చడం: ఏదీ పనిచేయలేదు. సబ్జెక్టును ఈ సాఫ్ట్‌వేర్ అసలు చూడదు, మెయిల్ లోపలి లైన్లనే కమాండ్లుగా చదువుతుంది.

పనిచేసింది ఇది. జవాబు నొక్కకుండా కొత్త మెయిల్ తెరిచాను, మేజర్‌డోమో అడ్రసుకే. లిస్టు అడ్రసుకు పంపితే అది సభ్యులందరికీ పోవచ్చు! జీమెయిల్ కంపోజ్‌లో మూడు చుక్కలు నొక్కి ప్లెయిన్ టెక్స్ట్ మోడ్ పెట్టాను. వచ్చిన కన్ఫర్మేషన్ మెయిల్లో 'ఆథ్' (auth)తో మొదలయ్యే లైను ఉంటుంది: కోడ్, సబ్‌స్క్రైబ్, లిస్టు పేరు, మన ఐడీ. కొత్త మెయిల్లో పంపాల్సింది ఆ లైనే. అసలు చిక్కు ఇక్కడే. లైను పొడవైతే పంపేటప్పుడు జీమెయిల్ దాన్ని రెండుగా విరుస్తుంది, రెండో ముక్క వేరే కమాండ్ అయిపోతుంది. అందుకే లిస్టు పేరు తర్వాత ఒక ఖాళీ, బ్యాక్‌స్లాష్ (\) పెట్టి, ఐడీని నేనే కింది లైన్లో రాశాను. బ్యాక్‌స్లాష్ ఉంటే రెండూ ఒకే లైనుగా చదువుతుంది. ఆ కింద 'ఎండ్' (end) అని ఒక్క మాట. లేకపోతే సంతకం కూడా కమాండే అనుకుంటుంది.

మెయిల్‌మ్యాన్ అనే మరో సాఫ్ట్‌వేర్ నడిపే లిస్టులకు ఈ పద్ధతి వర్తించదు. అడ్మిన్ అనుమతి కావలసిన లిస్టయితే దీని తర్వాత కూడా ఆగాల్సి రావచ్చు.