ఎన్‌ఫ్యూజ్‌తో ఫొటోలు కలిపేటప్పుడు: సమస్య - పరిష్కారం

విశాఖ ఆర్కే బీచ్‌లో సూర్యోదయం ఒక్క ఫొటోలో పట్టదు. ఆకాశానికి సరిపెడితే ఇసుక నల్లబడుతుంది, ఇసుకకి సరిపెడితే సూర్యుడి చుట్టూ అంతా తెల్లబడిపోతుంది. అందుకే వెలుగు తేడాతో మూడు ఫొటోలు తీసి, టెర్మినల్‌లో కమాండ్‌తో నడిచే ఎన్‌ఫ్యూజ్ అనే ప్రోగ్రామ్‌లో కలుపుతాం. 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ చెప్పిన పద్ధతి మీద ఇది నడుస్తుంది. ప్రతి ఫొటోలో ప్రతి పిక్సెల్‌కీ మార్కులు వేసి, ఎక్కువ వచ్చినదానికి ఎక్కువ వాటా ఇస్తుంది. ఫలితం బాగా రాకపోతే చాలామంది ముందుగా ఈ మార్కుల ఆప్షన్లనే మారుస్తారు. అది చివర్లో చేయాల్సిన పని. లోపం చాలాసార్లు అంతకుముందే, ఫొటో తీసేటప్పుడో అలైన్ చేసేటప్పుడో (ఫొటోలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా సర్దేటప్పుడో) వచ్చి ఉంటుంది.

(ఆప్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాను, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే టైప్ చేయాలి.)

అంచులు రెండుగా కనిపిస్తున్నాయి

ఏది రెండుగా ఉందో ముందు చూడండి. డాల్ఫిన్స్ నోస్ కొండ అంచే రెండుగా ఉంటే కెమెరా కదిలింది. కొండ సరిగ్గా ఉండి పడవలు, అలలు మాత్రమే అలా ఉంటే కెమెరా తప్పేమీ లేదు. రెండిటికీ మందు వేరు.

కెమెరా కదలడానికి బీచ్‌లో పెద్ద కారణం తడి ఇసుక. అల వచ్చి వెళ్లినప్పుడల్లా ట్రైపాడ్ కాళ్లు కొంచెం దిగుతాయి. కాళ్లను లోతుగా గుచ్చండి, లేదా పైన గట్టు మీద పెట్టండి. ఫొటోలు ఇప్పటికే తీసేసి ఉంటే, వాటిని అలైన్ చేసే అలైన్ ఇమేజ్ స్టాక్ అనే ప్రోగ్రామ్ వాడాలి. ఉబుంటులో ఇది ఎన్‌ఫ్యూజ్ ప్యాకేజీలో రాదు, హగిన్ టూల్స్ వేసుకోవాలి. టెర్మినల్ 'కమాండ్ నాట్ ఫౌండ్' అంటే ముందు చూడాల్సింది అదే. మైనస్ ఏ తర్వాత కొత్త ఫైళ్ల పేరు మొదట్లో ఏం రావాలో ఇవ్వండి. ఫోకస్ మారి ఫ్రేమ్ సైజులో తేడా వచ్చి ఉంటే మైనస్ ఎం, అంచుల్లో నల్ల పట్టీలు పోవాలంటే మైనస్ క్యాపిటల్ సి.

అయినా కుదరకపోతే తప్పు సముద్రానిది. ఈ ప్రోగ్రామ్ ఫొటోని మామూలుగా 5 × 5 గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో 8 చొప్పున జత కలిసే పాయింట్లు వెతుకుతుంది. మన ఫొటోలో సగం గళ్లు నీళ్లే, అలల మీద దొరికిన పాయింట్లు నిలకడగా ఉండవు. మైనస్ సి 20 ఇచ్చి పాయింట్లు పెంచండి. మైనస్ టి మామూలుగా 3 పిక్సెళ్లు ఉంటుంది, దాన్ని 1కి దించితే తప్పుడు పాయింట్లు ఎక్కువగా రాలిపోతాయి. పక్కపక్క ఫొటోల మధ్య తేడా 2 స్టాప్‌లు (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) దాటకపోతే పాయింట్లు తేలిగ్గా దొరుకుతాయి.

తర్వాత తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. అలైన్ అయిన టిఫ్ ఫైళ్లను గింప్ అనే ఫొటో ఎడిటర్‌లో లేయర్లుగా తెరిచి, కొండ అంచుని 100 శాతం సైజులో చూస్తూ పై లేయర్‌ని ఆన్, ఆఫ్ చేయండి. కొండ కదలకపోతేనే ఎన్‌ఫ్యూజ్‌కి వెళ్లండి.

పడవ రెండుగా వస్తే, ఆ కదిలే వస్తువుని తనంతట తాను తీసేసే ఆప్షన్ ఎన్‌ఫ్యూజ్‌లో లేదు. పడవ బాగా ఉన్న ఒక్క ఫొటోని అలాగే ఉంచి, మిగతావాటిలో పడవలు కనిపించే చోట్లన్నీ గట్టి అంచున్న ఎరేజర్‌తో చెరిపి, ట్రాన్స్‌పరెన్సీతో టిఫ్‌గా సేవ్ చేయండి. చెరిపిన భాగాన్ని ఎన్‌ఫ్యూజ్ లెక్కలోకి తీసుకోదు. అలల జోలికి మాత్రం నేను వెళ్లను, కలిసిపోయిన నీళ్లు చూడ్డానికి బాగానే ఉంటాయి.

బీచ్‌లో మ్యూజియంగా ఉన్న కుర్సురా సబ్‌మెరైన్ లోపల చేత్తో పట్టుకుని తీసిన ఫొటోలది ఇంకో ఇబ్బంది. చోటు ఇరుకు, దగ్గరి పైపులు, వెనకున్న పైపులు పక్కపక్కనే ఉంటాయి. కెమెరా పక్కకి జరిగితే దగ్గరివి ఎక్కువ, దూరపువి తక్కువ జరుగుతాయి. దీన్ని ఏ అలైన్‌మెంటూ పూర్తిగా సరిచేయలేదు. బర్స్ట్‌లో బ్రాకెటింగ్ (కెమెరాయే వెలుగు మారుస్తూ వరసగా తీసేది) పెట్టి, మోచేతులు ఒంటికి ఆనించి ఒక్క ఊపులో తీసేయాలి.

ఫొటో చప్పగా, బూడిదగా వచ్చింది

ముందు ఫోల్డర్ చూడండి. అవుట్‌పుట్ పేరు ఇవ్వకపోతే ఫలితం 'ఏ డాట్ టిఫ్' పేరుతో అక్కడే పడుతుంది. మళ్లీ 'స్టార్ డాట్ టిఫ్' (అంటే ఫోల్డర్‌లోని టిఫ్‌లన్నీ) అని నడిపితే పాత ఫలితం కూడా కొత్తదాంట్లో కలిసిపోతుంది. మైనస్ ఓతో వేరే ఫోల్డర్‌కి పంపండి.

అది కాకపోతే కారణం పద్ధతిలోనే ఉంది. మధ్యస్థ వెలుగు, అంటే 0.5, దగ్గరున్న పిక్సెళ్లకే ఎక్కువ మార్కులు పడతాయి కాబట్టి నీడలు కూడా పైకి లేస్తాయి. తెల్లవారుజామున నీడ నీడలాగే ఉండాలి. అన్నిటికన్నా వెలుగున్న ఫొటోని తీసేసి మళ్లీ కలపండి, చాలాసార్లు అంతటితో తేరుకుంటుంది. మిగిలింది కర్వ్స్‌తో సరిచేయండి. అందుకోసం రా (కెమెరా ఇచ్చే ముడి ఫైలు) నుంచి 16 బిట్ టిఫ్‌లు తీసుకుని, డెప్త్ 16 ఇచ్చి కలిపితే ఆకాశంలో పట్టీలు పడే భయం తగ్గుతుంది.

గరుకుగా, మచ్చలు మచ్చలుగా ఉంది

ఫోకస్ స్టాకింగ్ (వేర్వేరు దూరాల్లో ఫోకస్ చేసిన ఫొటోలను కలపడం) కోసం ఎవరో రాసిన కమాండ్‌ని కాపీ చేశారేమో చూడండి. అందులో ఒక్కో పిక్సెల్‌ని ఒకే ఫొటో నుంచి తీసుకునే హార్డ్ మాస్క్ ఉంటుంది, కాంట్రాస్ట్ వెయిట్ 1, ఎక్స్‌పోజర్ వెయిట్ 0 ఉంటాయి. వెలుగు తేడా ఫొటోలకి అది పనికిరాదు. అవన్నీ తీసేస్తే ఎక్స్‌పోజర్ 1, శాచురేషన్ 0.2, కాంట్రాస్ట్ 0 వాటంతటవే వస్తాయి.

రంగు అక్కడక్కడా మారుతోంది

ఆటో వైట్ బ్యాలెన్స్. అన్ని ఫొటోలకీ ఒకటే పెట్టండి. అపర్చర్, ఐఎస్ఓ కూడా కదలకూడదు, మారాల్సింది షట్టర్ స్పీడ్ ఒక్కటే.

ఫ్రెండ్ పంపిన ఫొటోలు అలైన్ కావడం లేదు

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గుతుంది, లెన్స్ వివరాలూ పోతాయి. అలైన్ ఇమేజ్ స్టాక్‌కి ఫోకల్ లెంగ్త్ తెలియాలి. డాక్యుమెంట్‌గా మళ్లీ పంపించమనండి. ఆ వివరాలు రాయని పాత మాన్యువల్ లెన్స్ అయితే, ఫొటోలో అడ్డంగా ఎన్ని డిగ్రీలు పడుతుందో మైనస్ ఎఫ్‌తో మీరే ఇవ్వండి.