ముసురు రోజుల్లో చుట్టాలింటికి వెళ్తున్నారా? కుర్చీ, మంచం, పరుపు దగ్గర ఈ జాగ్రత్తలు

నెల్లూరు జిల్లాకు ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. ఒంగోలు, కొత్తపట్నం వైపు కూడా ఆ నెలల్లో వాయుగుండం మాట వినపడుతూనే ఉంటుంది. సరిగ్గా అవే రోజుల్లో కార్తీక మాసం, పెళ్లి ముహూర్తాలు, గృహప్రవేశాలు. ఎవరో ఒకరి ఇంటికి వెళ్లక తప్పదు, ఒక రాత్రయినా పడుకోక తప్పదు. గొడుగు పెట్టుకోండి, మందులు పెట్టుకోండి అని అందరూ చెప్తారు. వెళ్లిన ఇంట్లో వాళ్ల సోఫా మీద, మంచం మీద ఎలా మసలుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ మాట నేను చెప్తాను.

ఎండాకాలంలో పరుపు మీద చెంబుడు నీళ్లు ఒలికినా మిద్దె మీద వేస్తే సాయంత్రానికి ఆరిపోతుంది. ముసురు పట్టినప్పుడు ఆ దారి ఉండదు. స్పాంజి లోపలికి దిగిన తడి నాలుగైదు రోజులైనా పోదు, ముక్కిన వాసన మొదలవుతుంది. దూది పరుపయితే గడ్డలు కడుతుంది, మళ్లీ ఏకించి కుట్టించాల్సిందే. అంటే మామూలు రోజుల్లో చిన్నదైన పొరపాటు ఈ మూడు నెలల్లో ఇంటివాళ్లకు పెద్ద ఖర్చు.

పైగా ఇంటివాళ్లు నోరు తెరిచి చెప్పరు, చెప్పలేరు. కావలిలో మా బంధువుల ఇంట్లో పెళ్లికి వచ్చిన ఒక కుర్రాడు బస్టాండు నుంచి తడిసి వచ్చాడు. అదే జీన్సుతో సోఫా ముందు నిలబడి, కూర్చోవాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ ఇంటావిడ "ఏం కాదులే నాయనా, కూర్చో, కూర్చో" అంది. కూర్చున్నాడు. అరగంట తర్వాత అతను భోజనానికి లేవగానే ఆమె సోఫా దిండ్లు ఒక్కొక్కటే తీసి, అడుగు భాగం చేత్తో ఒత్తి చూసి, ఫ్యాను కింద గోడకు నిలబెట్టింది. మర్నాడు మేం బయలుదేరేటప్పటికీ అవి అక్కడే ఉన్నాయి. "ఏం కాదులే" అన్నది మర్యాద మాట. దాన్ని అనుమతి అనుకోకూడదు. తడి బట్టలతో వెళ్తే ముందు అడగాల్సింది కుర్చీ కాదు, తువ్వాలు. "అత్తా, ఒక తుండు ఇస్తారా, బట్టలు మార్చుకుని వస్తాను" అంటే ఆవిడ మనసు ఎంత తేలిక పడుతుందో! బ్యాగులో పైనే ఒక పొడి లుంగీ, ఒక చొక్కా ఉండాలి. అడుగున ఉంటే వెతుక్కోవడానికి బ్యాగంతా వాళ్ల హాల్లో విప్పాల్సి వస్తుంది.

బ్యాగు మాట వచ్చింది కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. ప్రయాణం చేసి వచ్చిన బ్యాగును మంచం మీద పెట్టకండి. చక్రాల సూట్‌కేసు రోడ్డు మీద బురదంతా మోసుకొస్తుంది, దుప్పటికి అంటిన ఎర్రమట్టి మరక అంత సులువుగా వదలదు. అంతకన్నా పెద్ద భయం నల్లులు. రైళ్లలో, లాడ్జీల్లో బ్యాగుల కుట్లలో చేరి ఇంటికి వచ్చేస్తాయి. ఒకసారి మంచం కీళ్లలో చేరాయంటే ఆ కుటుంబం నెలల తరబడి మందు కొట్టించుకోవాలి. బ్యాగు నేల మీద, గోడ వారగా, కింద ఒక పాత పేపరు వేసి పెట్టండి. గొడుగు, హెల్మెట్టు వరండాలోనే ఆగాలి. చెప్పుల స్టాండు పార్టికల్ బోర్డుదైతే దాని మీద కూడా తడి హెల్మెట్టు పెట్టకూడదు. ఆ బోర్డు అంచుల నుంచి నీరు పీల్చి ఉబ్బుతుంది, ఆరాక కూడా మళ్లీ మామూలు కాదు. టీవీ బల్లలు, చవక బీరువాలు చాలావరకు ఇప్పుడు ఈ రకానివే.

ఎక్కడ కూర్చోవాలి

ప్రతి ఇంట్లో ఒక మనిషికి అలవాటైన చోటు ఉంటుంది. వరండాలో తాతయ్య పడక కుర్చీ, టీవీకి ఎదురుగా పెదనాన్న సీటు, వంటింటి దగ్గర అమ్మమ్మ కూర్చునే ఎత్తు పీట. వాళ్లు లేచి ఎక్కడికో వెళ్లినంత మాత్రాన అది ఖాళీ అయినట్టు కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ తిరిగొచ్చి, మనం కూర్చుని ఉంటే లెమ్మనలేక, అందుబాటులో ఉన్న పల్లపు సోఫాలో కూలబడుతుంది. దాంట్లోంచి లేవడానికి ఆవిడ పడే బాధ చూస్తే తెలుస్తుంది. "ఇక్కడ ఎవరైనా కూర్చుంటారా పిన్నీ?" అని ఒక్క మాట అడిగితే సరిపోతుంది. పోయిన మనిషి కుర్చీని అలాగే ఉంచుకునే ఇళ్లూ ఉన్నాయి. గోడ మీద దండ వేసిన ఫొటో, దాని కింద ఖాళీ కుర్చీ కనపడితే దాని జోలికి వెళ్లకండి. భార్యాభర్తల పడకగదిలోకి పిలవకుండా వెళ్లి మంచం మీద కూర్చోవడం తగదు. పూజ పీట మీద బ్యాగు పెట్టడం, గడప మీద కూర్చోవడం సంగతి మన వాళ్లకు చెప్పక్కర్లేదు కానీ, పిల్లలకు బయలుదేరే ముందే చెప్పాలి.

పడక కుర్చీ గురించి కొంచెం వివరంగా. చెక్క చట్రానికి కాన్వాసు గుడ్డ, వెనకాల గాళ్లలో ఇరికే అడ్డకర్ర. ఆ కర్ర గాడిలో సరిగా పడిందో లేదో చేత్తో వెనక్కి నొక్కి చూశాకే కూర్చోవాలి. అరకొరగా ఆనుకుని ఉంటే మనం వాలగానే జారుతుంది, వెనక్కి పడిపోతాం. ఆ సమయంలో చేతులు చట్రం మధ్య ఉంటే వేళ్లు నలుగుతాయి. పసిపిల్లలను దాని చుట్టూ ఆడనివ్వకండి. వానాకాలంలో గుడ్డ కర్ర దగ్గర మడతపడే చోట తేమకు చివికిపోయి ఉంటుంది. పైకి బాగానే కనిపిస్తుంది. ఆ మడత దగ్గర వేలితో నొక్కితే పోగులు విడుతున్నాయా లేదా తెలిసిపోతుంది.

ప్లాస్టిక్ కుర్చీలను తేలిగ్గా తీసుకోకండి, వాటి మీద నుంచి పడేవాళ్లూ ఉన్నారు. ప్రకాశం జిల్లాలో చీమకుర్తి గ్రానైట్ దగ్గర్లోనే దొరుకుతుంది కాబట్టి ఎన్నో ఇళ్లలో నేలంతా నున్నటి రాయే. దాని మీద నాలుగు చుక్కల నీళ్లు పడ్డాయంటే ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు బయటికి జారి విచ్చుకుంటాయి. వెనక రెండు కాళ్ల మీద వాలి ఊగే అలవాటు ఉన్నవాళ్లు ఈ రోజుల్లో మానుకోవాలి. మిద్దె మీద ఏళ్ల తరబడి ఎండలో ఉన్న కుర్చీ రంగు వెలిసి, పైన తెల్లటి పొడి లేచి ఉంటే లోపల పెళుసుబారిందని అర్థం. బరువున్న మనిషి దాని మీద కూర్చోకూడదు. ఒంటి బరువు ఎక్కువున్నవాళ్లు మొహమాటపడకుండా "నాకు చెక్క కుర్చీ ఇవ్వండి" అని అడగాలి, లేదా రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాంట్లో ఒకటి వేసుకోవాలి. పెళ్లి ఇళ్లలో చూస్తుంటాం, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పడిపోతే నడుముకు దెబ్బ మనకు, బాధ ఇంటివాళ్లకు.

సోఫా చేతుల మీద కూర్చోవడం చాలామందికి తప్పుగా అనిపించదు. ఆ చేతులు మోచెయ్యి ఆనించడానికి చేసినవి. మనిషి బరువు పడితే లోపల మేకులు, కీళ్లు కదులుతాయి, ఆ తర్వాత సోఫా కిర్రుమంటూనే ఉంటుంది. వెనక జేబులో తాళాల గుత్తి పెట్టుకుని రెక్సిన్ మీద కూర్చుంటే గీత పడుతుంది. తలకు నూనె బాగా పెట్టుకునేవాళ్లు వెనక్కి వాలే చోట ఒక తువ్వాలు వేసుకోండి.

తినేటప్పుడు

డైనింగ్ టేబుల్ పైన ఏ రాయి ఉందో చూసుకోండి. గ్రానైట్ అయితే చింతపండు పులుసుకు అంతగా భయపడక్కర్లేదు. పాలరాయి అలా కాదు. అది సున్నపు జాతి రాయి, పులుపు తగిలిన చోట మెరుపు పోయి గరుకుగా మచ్చ పడుతుంది. నెల్లూరు చేపల పులుసులో చింతపండు ఉంటుంది, కాలాన్ని బట్టి మామిడికాయ కూడా పడుతుంది. ఒక్క చుక్క పడినా వెంటనే తుడవాలి, తిన్నాక తుడుద్దాం అనుకోకూడదు. ఒలికిన చోట నిమ్మచెక్కతో రుద్దితే మరక పోతుందని ఎవరో చెప్పింది విని పాలరాయి మీద ఆ పని చేయకండి, మచ్చ రెండింతలవుతుంది.

పాలిష్ పెట్టిన టేకు బల్ల మీద వేడి గిన్నె దించితే తెల్లటి వలయం పడుతుంది. వేడికి తేమ పాలిష్ లోపలికి చేరడం వల్ల వచ్చేది అది. ఏదైనా దించే ముందు కింద మడిచిన గుడ్డో, పళ్లెమో ఉండాలి. కాఫీ గ్లాసు కూడా వేడిదే. అద్దం టీపాయ్ మీద చెయ్యి ఆనించి లేవకండి, ముఖ్యంగా అంచు మీద.

పసుపు మరక గురించి ఇంటావిడలకు తెలిసిన చిట్కా ఉంది. గుడ్డకు పడితే ఉతికి ఎండలో ఆరేస్తే రంగు తగ్గిపోతుంది. ముసురులో ఎండ ఎక్కడిది? అందుకే పిల్లలకు అన్నం సోఫా మీద పెట్టకండి. నేల మీద చాప పరిచి, అందరూ కింద కూర్చుని తింటే ఇంకా హాయి.

రాత్రి పడక

ఇంటివాళ్లు తమ మంచం మనకిచ్చి తాము కింద పడుకుంటామంటారు. ఒకసారి వద్దని చెప్పాలి, రెండోసారీ చెప్పొచ్చు. మూడోసారి వాళ్లు పట్టుబడితే ఒప్పుకోవాలి, నడిరాత్రి దాకా వాదన పెట్టుకుంటే అందరి నిద్ర పాడు. కింద పడుకునే ఓపిక ఉన్నవాళ్లు చాప, బొంత అడిగి తీసుకుంటే సగం సమస్య తీరుతుంది.

నులక మంచం ఇస్తే పట్టె మీద ఒకే వైపు నలుగురు కూర్చుని కబుర్లు పెట్టుకోకండి. పాత వేప పట్టె విరుగుతుంది, నులక వదులై కుక్కి మంచం అవుతుంది. మళ్లీ బిగించేవాళ్లు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ దొరకడం లేదు. మడత మంచం వేసేటప్పుడు కాళ్లు పూర్తిగా విప్పుకుని, చీలలు పడ్డాయో లేదో చూడాలి. అంచు మీద కూర్చుంటే రెండో వైపు లేస్తుంది, నడిమధ్యన కూర్చోవాలి. కింద సామాను పెట్టుకునే బాక్సు మంచాల మీద పిల్లలు ఎగిరితే లోపల ప్లైవుడ్ పలకలు విరుగుతాయి.

పక్క తడిపే వయసు పిల్లలుంటే రబ్బరు షీటు మీ బ్యాగులోనే ఉండాలి. ఇంటివాళ్లను అడగకండి, చిన్నపిల్లలు లేని ఇంట్లో అది ఉండదు. పరుపు తడిస్తే ఇంటివాళ్లను రాత్రే లేపి చెప్పండి. పొడి గుడ్డతో గట్టిగా ఒత్తి తడి పీల్చాలి, దాని మీద నీళ్లు పోయకూడదు. తర్వాత ఫ్యాను కింద నిలబెట్టాలి. పొద్దున దుప్పటి కప్పి ఏమీ ఎరగనట్టు వెళ్లిపోవడం అన్నిటికన్నా చెడ్డ పని. నెలసరి రోజుల్లో ప్రయాణం పెట్టుకున్న ఆడపిల్లలు ముదురు రంగు మందపాటి తువ్వాలు ఒకటి వెంట తెచ్చుకుని పక్క మీద వేసుకుంటే నిద్ర కూడా టెన్షన్ లేకుండా పడుతుంది. తల్లులే ముందుగా సర్ది ఇవ్వాలి.

ఫ్యాను గాలి తగలడం లేదని మంచాన్ని ఈడ్చకండి. అడగాలి, ఇద్దరు పట్టి ఎత్తి జరపాలి. చెక్క తేమకు ఉబ్బి బీరువా తలుపో, సొరుగో బిగుసుకుపోతే బలంగా లాగకూడదు, పిడి ఊడి వస్తుంది. ఇంటివాళ్లను పిలిస్తే, ఎక్కడ నొక్కితే వస్తుందో వాళ్లకు తెలిసే ఉంటుంది.

ఒక్కోసారి మన లెక్క తప్పుతుంది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, రైళ్లు ఆగిపోయాయి. అలాంటప్పుడు ఒక పూటకని వెళ్లిన చుట్టం మూడు రోజులు ఉండిపోవాల్సి వస్తుంది. అన్ని రోజులూ హాల్లో పరుపు పరిచే ఉంచితే ఇంటివాళ్లకు నడిచే చోటు ఉండదు. పొద్దున లేవగానే పరుపు చుట్టి, దుప్పట్లు మడిచి, దిండ్లు ఒక మూల పేర్చాలి. తడి తువ్వాలు కుర్చీ వెనక ఆరేయకూడదు, చెక్క మీద పాలిష్ పోతుంది, ఇనుప కుర్చీ అయితే తువ్వాలుకే తుప్పు మరక అంటుతుంది. వరండాలో తాడు ఎక్కడుందో అడగండి, లేకపోతే మీరే ఒకటి కట్టండి.

ఇంత జాగ్రత్త పడ్డా ఏదో ఒకటి విరగొచ్చు, చిరగొచ్చు. విరిగిన వెంటనే, ఆ ఇంటి పెద్దలతోనే చెప్పండి. పిల్లలతో చెప్పించడం, ఫెవికాల్ రాసి మళ్లీ నిలబెట్టడం వద్దు. అతికించిన కాలు మీద తర్వాత కూర్చునేది ఆ ఇంటి ముసలావిడ కావచ్చు. డబ్బులు చేతిలో పెట్టబోతే పుచ్చుకోరు, నొచ్చుకుంటారు కూడా. "మీకు తెలిసిన వడ్రంగి ఎవరు మామా? నేను మాట్లాడి పిలిపిస్తాను" అని ఫోన్ నంబరు తీసుకుని, కూలి మీరే నేరుగా అతనికి ఇవ్వండి. వాన తగ్గి ఎండ వచ్చాక పని పెట్టించమనండి, తడి చెక్కకు వేసిన జిగురు నిలవదు. ఊరికి వెళ్లాక వారానికి ఒకసారి ఫోన్ చేసి అతను వచ్చాడో లేదో కనుక్కోండి.