పాత టీవీలో ఛానెల్ నిలవడం లేదా? ట్యూనర్ మార్చే ముందు ఒక్క పిన్ కొలవండి

పిక్చర్ ట్యూబ్ టీవీలో ఛానెళ్లు సరిగ్గా పట్టడం లేదంటే చాలామంది వెంటనే యాంటెనా సిగ్నల్‌లోంచి ఛానెల్‌ని ఏరి ఇచ్చే ట్యూనర్ డబ్బా ఊడదీసి కొత్తది వేస్తారు. పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఒకే సెట్‌కి రెండు ట్యూనర్లు మార్చాను. రెండూ మంచివే. లోపమల్లా ట్యూనర్‌కి వోల్టేజ్ తెచ్చే దారిలో, విలువ పెరిగిపోయిన ఒక రెసిస్టర్‌లో ఉంది. అప్పటి నుంచి ట్యూనర్ జోలికి వెళ్లే ముందు దాని ట్యూనింగ్ పిన్ కొలవకుండా ఉండను.

ఎందుకో చెప్తాను. గుండ్రంగా తిప్పే నాబ్ పోయి బటన్లు, రిమోట్ వచ్చాక, ట్యూనర్ లోపల వారాక్టర్ డయోడ్లు వచ్చాయి. వాటికి ఇచ్చే వోల్టేజ్ పెరిగితే కెపాసిటెన్స్ (ఛార్జ్ నిలుపుకునే సామర్థ్యం) తగ్గి పై ఫ్రీక్వెన్సీ స్టేషన్ దొరుకుతుంది, తగ్గితే కింది స్టేషన్ దొరుకుతుంది. ఈ వోల్టేజ్ సున్నా దగ్గర నుంచి సుమారు 30 వోల్టుల దాకా మారుతుంది. దాన్ని బీటీ అనీ వీటీ అనీ రాస్తారు. మీరు ఛానెల్ వెతకడమంటే నిజానికి ఆ వోల్టేజ్‌ని పైకీ కిందికీ జరపడమే. కాబట్టి అది కదిలితే బొమ్మా కదులుతుంది.

మూత తీయక ముందు

ముందు ఏవీ సాకెట్‌కి ఏదైనా పెట్టి చూడండి. అందులో బొమ్మ, శబ్దం బాగుంటే పిక్చర్ ట్యూబ్, వీడియో, సౌండ్ అవుట్‌పుట్ విభాగాలను అనుమానించక్కర్లేదు. లోపం ట్యూనర్, ఐఎఫ్ (ట్యూనర్ ఇచ్చిన సిగ్నల్‌ని పెంచి బొమ్మ, శబ్దం రాబట్టే విభాగం), వాటిని నడిపే మైక్రో ఐసీ, ఈ మూడింటి మధ్యే ఉంటుంది.

తర్వాత సిగ్నల్ సంగతి. అనలాగ్ ప్రసారాలు చాలా దేశాల్లో ఆగిపోయాయి. అమెరికాలో పూర్తి శక్తి స్టేషన్లు 2009 జూన్ 12న, బ్రిటన్‌లో చివరివి 2012 అక్టోబర్‌లో ఆపేశారు. డిజిటల్ సిగ్నల్‌ని ఈ ట్యూనర్ ఎంత వెతికినా పట్టలేదు. ఆర్‌ఎఫ్ అవుట్ (టీవీ యాంటెనా సాకెట్‌కి ఇచ్చే సిగ్నల్) ఉన్న వీసీఆర్ లేదా సెట్‌టాప్ బాక్సు తగిలించి దాన్నే మీ పరీక్షా స్టేషన్‌గా పెట్టుకోండి. మెనూలో బ్లూ స్క్రీన్ ఉంటే ఆపేయండి, లేకపోతే బలహీనమైన స్టేషన్ వచ్చినా కనబడదు.

ఇప్పుడు ఖాళీ ఛానెల్‌లో తెర చూడండి. చుక్కలు దట్టంగా, గరగర శబ్దంతో వస్తుంటే ఐఎఫ్ విభాగం పనిచేస్తోంది. యాంటెనా వైరు, ట్యూనర్, ట్యూనింగ్ వోల్టేజ్ వైపు వెళ్లండి. చుక్కే లేకుండా తెర నున్నగా ఉంటే ఐఎఫ్, దాని సప్లై, ట్యూనర్ సప్లై, ఏజీసీ (సిగ్నల్ బలాన్ని దానంతట అదే సర్దే వోల్టేజ్) చూడాలి.

మూత తీశాక

ట్యూబ్ దగ్గర 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. స్విచ్ ఆపినా మెయిన్ ఫిల్టర్ కెపాసిటర్‌లో ఛార్జ్ మిగులుతుంది. చాలా పాత సెట్లలో చాసిస్ (లోపలి బోర్డు గ్రౌండ్) నేరుగా మెయిన్స్‌తో కలిసి ఉంటుంది, ట్యూనర్ రేకు డబ్బా ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా, లోపల పని చేసిన అలవాటు లేకుండా ఈ కింది కొలతలకు దిగకండి. ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు.

వేడెక్కాక ఛానెల్ జారిపోతోంది

అన్నిటికన్నా ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. పెట్టగానే బాగుంటుంది, పది నిమిషాలకు రంగు పోతుంది, తర్వాత బొమ్మ చెదురుతుంది.

మల్టీమీటర్ బీటీ పిన్ మీద పెట్టి, ఏఎఫ్‌టీ (స్టేషన్ జారకుండా దానంతట అదే సరిదిద్దే ఏర్పాటు) ఆపి, స్టేషన్ జారేదాకా ఆగండి. వోల్టేజ్ కదలకుండా స్టేషన్ జారితే లోపం ట్యూనర్ లోపలే. వోల్టేజ్ కూడా కదిలితే ట్యూనర్ అమాయకురాలు, బయట వెతకండి.

బయట మొదటి అనుమానం, ట్యూనింగ్ వోల్టేజ్‌కి మూలమైన 33 వోల్టులను నిలకడగా ఉంచే స్టెబిలైజర్ మీద. చూడ్డానికి డయోడ్‌లానో చిన్న ట్రాన్సిస్టర్‌లానో ఉంటుంది, టీఏఏ 550, జెడ్‌టీకే 33, యూపీసీ 574 లాంటి పేర్లుంటాయి. దాని రెండు కొసల మధ్య వోల్టేజ్ వేడికి మారుతుంటే మార్చేయండి. మామూలు 33 వోల్టుల జెనర్ వేసి సరిపెట్టకండి. దాని విలువ వేడితో జరుగుతుంది కాబట్టి వారంలో అదే సెట్ మళ్లీ మీ ముందుకొస్తుంది.

రెండోది, మైక్రో ఐసీ ఇచ్చే పల్సులను నిలకడ వోల్టేజ్‌గా మార్చే కెపాసిటర్లు. వీటిలో కొంచెం లీకేజీ ఉన్నా చాలు. మీటరుతో విడిగా కొలిస్తే బాగానే కనిపిస్తాయి కాబట్టి ఒక్కొక్కటే మార్చి చూడడమే మేలు. ఫ్రీజర్ స్ప్రే ఉంటే ఒక్కో భాగం మీద కొద్దిగా కొట్టండి. దేన్ని చల్లబరిస్తే స్టేషన్ వెనక్కొస్తుందో అదే దొంగ.

ఇంకా తేలకపోతే నాకు బాగా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. సెట్ ఆపి బీటీ పిన్‌కి వచ్చే దారి తెంచండి. మూడు 9 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి, 100 కిలో ఓముల పొటెన్షియోమీటర్ రెండు చివర్లకు ఇవ్వండి. మధ్య కాలు బీటీకి, మైనస్ ట్యూనర్ గ్రౌండ్‌కి. సెట్ ఆన్ చేసి ఇన్సులేషన్ ఉన్న నాబ్‌తో తిప్పి స్టేషన్ పట్టుకోండి. గంటసేపు బొమ్మ కదలకపోతే ఆ ట్యూనర్‌ని ఇక వేలెత్తి చూపక్కర్లేదు.

పై ఛానెళ్లు రావు, కిందివి వస్తాయి

ట్యూనింగ్ వోల్టేజ్ పైదాకా ఎక్కడం లేదు. మెయిన్ బీ ప్లస్ (సెట్‌ని నడిపే ప్రధాన డీసీ సప్లై) నుంచి 33 వోల్టులకు దించే రెసిస్టర్ ఏళ్ల వేడికి విలువ పెరిగిపోతుంది. నేను మోసపోయింది ఇక్కడే. దీనికి తిరగబడి, కింది ఛానెళ్లే రాకపోతే వోల్టేజ్ సున్నా దాకా దిగడం లేదని అర్థం, 33 వోల్టులను స్విచ్ చేసే ట్రాన్సిస్టర్‌ని చూడండి.

ఒక బ్యాండ్ మొత్తం మాయం

ట్యూనర్‌కి ఒక్కో బ్యాండ్‌కి (ఫ్రీక్వెన్సీల గుంపుకి) ఒక్కో పిన్: కింది వీహెచ్ఎఫ్ (లో), పై వీహెచ్ఎఫ్ (హై), యూహెచ్ఎఫ్. వీటిలో ఎంచుకున్నదానికి సప్లై రావాలి, సెట్‌ని బట్టి 12 లేదా 5 వోల్టులు. రాకపోతే బ్యాండ్ స్విచ్ ట్రాన్సిస్టర్ లేదా ఐసీ. వస్తే ట్యూనర్.

ఆటో సెర్చ్ స్టేషన్ మీద ఆగదు

బొమ్మ మెరిసి వెళ్లిపోతుంది. సెర్చ్ ఆగాలంటే మైక్రో ఐసీకి రెండు కబుర్లు అందాలి: ఇక్కడ స్టేషన్ ఉందని సింక్ గుర్తింపు, సరిగ్గా మధ్యలో ఉన్నామని ఏఎఫ్‌టీ వోల్టేజ్. చేత్తో నెమ్మదిగా ట్యూన్ చేస్తూ రెండు పిన్నులూ కొలవండి. స్టేషన్ దాటేటప్పుడు ఏఎఫ్‌టీ వోల్టేజ్ ఒకవైపు లేచి, మధ్యకొచ్చి, రెండోవైపు ఊగాలి.

ఏఎఫ్‌టీ ఆపితే బొమ్మ బాగుండి, పెట్టగానే పక్కకు లాగేస్తుంటే ఐఎఫ్ కాయిల్‌ని పట్టుకోండి. పాల్ బీజీ (ఒక ప్రసార పద్ధతి) సెట్లలో పిక్చర్ ఐఎఫ్ 38.9 మెగాహెర్ట్జ్. కాయిల్ రేకు డబ్బా అడుగున ఉండే గొట్టంలాంటి చిన్న కెపాసిటర్ ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడి విలువ మారుతుంది. దాన్ని తీసేసి, సర్క్యూట్ చూసి అదే విలువ ఎన్‌పీఓ (వేడికి విలువ పెద్దగా మారని రకం) సెరామిక్ వేయాలి. ఆ తర్వాతే కాయిల్ మధ్యలో మరలా ఉండే కోర్ తిప్పాలి, అదీ ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో, పాత స్థానం గుర్తు పెట్టుకుని. పాడైన కెపాసిటర్‌ని అలాగే ఉంచి కోర్ తిప్పి సర్దేసేవాళ్లున్నారు. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ జారుతుంది.

ఆపి పెడితే ఛానెళ్లు చెరిగిపోతున్నాయి

24సీ02 లాంటి మెమొరీ ఐసీ, లేదా దానికొచ్చే 5 వోల్టులు. ఇంకా పాత సెట్లలో చిన్న నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉంటుంది. అది కారి ఉంటే పక్కన ట్రాకులను తినేస్తుంది, బాగా శుభ్రం చేయండి.

బొమ్మ ఉంది, శబ్దం బుస్సుమంటోంది

చాలావరకు సిస్టమ్ (ప్రసార పద్ధతి) తప్పు. ఒక్కో పద్ధతిలో శబ్దం ఫ్రీక్వెన్సీ బొమ్మదానికి ఇంత ఎడంగా ఉంటుంది: బీజీకి 5.5, ఐకి 6.0, డీకేకి 6.5, ఎంకి 4.5 మెగాహెర్ట్జ్. మెనూలో మార్చి చూడండి.

తడితే బొమ్మ వచ్చిపోతోంది

ట్యూనర్ డబ్బా గ్రౌండ్ కాళ్ల దగ్గర సోల్డరింగ్ పగిలి ఉంటుంది. నాబ్ ట్యూనరైతే నల్లబడిన కాంటాక్టులు, థంబ్ వీల్ ప్రీసెట్లయితే (ఛానెల్‌కొకటి చొప్పున ఉండే చిన్న తిప్పుడు చక్రాలు) మురికి పట్టిన ట్రాకులు. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పండి. ఉప్పుకాగితం వాడకండి, పైపూత పోతుంది.

చివరికి ట్యూనరే మార్చాల్సి వస్తే పిన్నుల వరుస, బ్యాండ్ వోల్టేజ్ పాతదానితో సరిచూసుకోండి. క్లాక్, డేటా పిన్నులున్నది పీఎల్ఎల్ ట్యూనర్ (మైక్రో ఐసీ ఇచ్చే డిజిటల్ ఆదేశాలతో నడిచేది), వోల్టేజ్‌తో నడిచే పాతదాని చోట అది పనిచేయదు. పీఎల్ఎల్ అయినా లోపల వారాక్టర్లే కాబట్టి చాలావాటికి ఆ 33 వోల్టులు కావాల్సిందే. కొత్తది వేశాక కూడా స్టేషన్లు రాకపోతే మొదట అదే కొలవండి.