స్కూల్ ప్రాజెక్టు రాద్దాం – 2: టాపిక్‌ని ప్రశ్నగా మార్చడం

పోయిన పాఠంలో మీకు ఆసక్తి ఉన్న పది విషయాలు రాసుకోమన్నాం. ఆ కాగితం ముందు పెట్టుకోండి. నీళ్లు, ప్లాస్టిక్, క్రికెట్, అంతరిక్షం... చాలావరకు ఒక్కో మాటే ఉంటుంది. వీటిలో దేన్నీ ఇంకా టాపిక్ అనలేం. ‘నీళ్లు’ అని పేరు పెట్టి ఎనిమిది పేజీలు రాయబోతే, రెండో పేజీకల్లా సైన్సు పుస్తకంలోని నీటి చక్రం బొమ్మ దిగిపోతుంది. ఏది వదిలేయాలో తెలియనప్పుడు చేతికి దొరికిందల్లా ఎక్కించేస్తాం. కాపీ మొదలయ్యేది అక్కడే.

‘నీళ్లు’నే తీసుకుని కుదించుకుంటూ వెళ్దాం. ముందు ఊరి పేరు కలపండి: చెన్నై నీళ్లు. ఇదీ పెద్దదే. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులున్నాయి, సముద్రపు నీటిని శుద్ధి చేసే ప్లాంట్లున్నాయి, బోర్లు, ట్యాంకర్లు సరేసరి. ఒక్కటే ఎంచుకోండి. చెన్నైలో పెరిగే తెలుగు పిల్లలకు కృష్ణా నీళ్లు బాగుంటాయి, ఇంట్లో పెద్దవాళ్లను అడిగినా నాలుగు మాటలు చెబుతారు.

కృష్ణా నీళ్లను కాలువతో చెన్నైకి తెచ్చే పథకం పేరు తెలుగుగంగ. ఇప్పుడు కాగితం మీద ‘తెలుగుగంగ’ అని ఉంది. ఇక్కడే చాలామంది ఆగిపోయి చరిత్ర రాసేస్తారు: ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉండగా 1983లో ఒప్పందం, 1996లో పూండికి నీళ్లు. నిజమే, కానీ అది ఒక పేరాతో అయిపోతుంది. ఆగకుండా ఒక అంకె పట్టుకోండి. ఒప్పందం ప్రకారం ఏటా 12 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) తమిళనాడు సరిహద్దు దగ్గర అందాలి: జులై–అక్టోబరులో 8, జనవరి–ఏప్రిల్‌లో 4. దానికి కాలం, ప్రశ్న తగిలించండి: ‘గత ఐదేళ్లలో ఏ ఏడు ఎన్ని టీఎంసీలు అందాయి? తగ్గిన ఏడు ఎందుకు తగ్గాయి?’ ఇదీ టాపిక్ అంటే. ‘ఎన్ని’ అన్నది పట్టిక ఇస్తుంది, ‘ఎందుకు’ అన్నది పేజీలు నింపుతుంది.

మరీ కుదించినా కష్టమే. ‘చెంబరంబాక్కం చెరువు పూర్తి లోతెంత?’ అంటే 24 అడుగులు. అంతటితో ప్రాజెక్టు అయిపోయింది.

ప్రశ్న కుదరగానే గడియారం చూసుకుని అరగంట వెతకండి. మూడు ఆధారాలు దొరకాలి, ఒకదాంట్లోనైనా అంకెలుండాలి. చెరువుల నీటిమట్టాలు చెన్నైకి నీళ్లిచ్చే సంస్థ మెట్రోవాటర్ వెబ్‌సైట్‌లో రోజూ పెడతారు. పాత వార్తలకు ఎగ్మూరులోని కన్నెమరా లైబ్రరీకి వెళ్లొచ్చు. కొన్ని కాగితాలు తమిళంలోనే ఉంటాయి. మీకు చదవడం రాకపోతే చదివిపెట్టే స్నేహితుణ్ణి ముందే చూసుకోండి, చివరి వారంలో కాదు.

ఈ టాపిక్‌లో ఒక మెలిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని కండలేరు జలాశయం నుంచి వదిలిన నీళ్లు, సరిహద్దులో ఊత్తుకోట దగ్గరి జీరో పాయింట్‌లో కొలిచినవి, పూండికి చేరినవి మూడూ వేరు వేరు అంకెలు. సరిహద్దు దాకానే కాలువ 152 కిలోమీటర్లు, దారిలో ఆవిరయ్యేవి, ఇంకిపోయేవి, పొలాలకు మళ్లేవి ఉంటాయి. ఒక ఏడుకు కండలేరు అంకె, ఇంకో ఏడుకు పూండి అంకె తీసుకుంటే పట్టిక మొత్తం తప్పుతుంది. ఒప్పందం సరిహద్దు గురించి కాబట్టి ఐదేళ్లకూ జీరో పాయింట్ అంకెలే తీసుకోండి.

మీరే కొలిచే టాపిక్ అయితే క్యాలెండర్ కూడా చూసుకోవాలి. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు. లెక్క సులువే, కానీ చెన్నైలో గట్టి వానలు అక్టోబరు–డిసెంబరులో. మార్చిలో ఇవ్వాల్సిన ప్రాజెక్టుకు ఫిబ్రవరిలో కొలవడం మొదలుపెడితే చేతిలో ఏమీ ఉండదు.

ఈ వారం పని: మీ పదింటిలో మూడింటిని ఇలాగే ప్రశ్నలుగా మార్చండి. ఒక్కో ప్రశ్న కింద దొరికిన ఆధారాలు, అవి చూసిన తేదీ రాయండి. అరగంటలో మూడు దొరకని ప్రశ్నను కొట్టేయండి. మిగిలినదానితో వచ్చే పాఠంలో నోట్సు తీసుకోవడం మొదలుపెడదాం.